కెమెరా ఎవరి వైపు?

హన్మకొండలో ఒక డిగ్రీ కాలేజీలో జర్నలిజం పాఠాలు చెప్పే అమ్మాయి తన విద్యార్థులకు నెలకొక డాక్యుమెంటరీ చూపించి, తర్వాత దాని మీద మాట్లాడిస్తుంది. ఈ ఏడాది ఎంచుకున్నవన్నీ ఒకే తోవవి: కొనడం చుట్టూ తిరిగే బతుకు, ప్రకటనలు, కంపెనీల పెత్తనం. ఆమె మేనమామ హైదరాబాద్ యాడ్ ఏజెన్సీల్లో తెలుగు కాపీ రాసి రిటైరైన మనిషి. సబ్బు నుంచి సిమెంటు దాకా ఆయన మాట అంటని సరుకు లేదు. ఆ జాబితా చూసి ఆయనకు కోపం వచ్చింది. ఇద్దరినీ ఎరిగినవాణ్ణి కనక పక్కన కూర్చుని విన్నాను, విన్నది రాస్తున్నాను. ఇలాంటి సినిమాలను మెచ్చేవాళ్ళు ఆయన లాంటివాళ్ళ మాట చెవిన పెట్టరు. ఆయన లాంటివాళ్ళు ఈ సినిమాలు పూర్తిగా చూడరు. ఈయన చూశాడు.

మామయ్య: నీ జాబితాలో మొట్టమొదటిది ఆడమ్ కర్టిస్ తీసిన ‘ద సెంచరీ ఆఫ్ ద సెల్ఫ్’. 2002లో బీబీసీ వేసింది, నాలుగు భాగాలు. ప్రకటనల రంగానికి అంతకంటే గొప్ప ప్రకటన ఇంకొకటి రాలేదమ్మా.

మేనకోడలు: అదేమిటి మామయ్యా? మనుషుల మనసులో దూరి సరుకులు ఎట్లా అమ్మారో బయటపెట్టే సినిమా అది. ఎడ్వర్డ్ బెర్నేస్ కథ చూపించారు కదా. ఫ్రాయిడ్ చెల్లెలి కొడుకు. ఫ్రాయిడ్ భార్యేమో బెర్నేస్ తండ్రికి చెల్లెలు. మన వరసల్లో ఎటునుంచి చూసినా ఫ్రాయిడ్ అతనికి మామయ్యే. ఆ మామయ్య చెప్పిన లోపలి కోరికలను ఈ మేనల్లుడు సిగరెట్లు అమ్మడానికి వాడాడు. 1929లో ఈస్టర్ ఆదివారం నాడు న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూ ఊరేగింపులో కొందరు అమ్మాయిల చేత సిగరెట్లు వెలిగింపజేసి, వాటికి ‘స్వేచ్ఛా కాగడాలు’ అని పేరు పెట్టి పత్రికలకెక్కించాడు. డబ్బిచ్చింది అమెరికన్ టొబాకో కంపెనీ. ఆడవాళ్ళు హక్కుల కోసం వేసిన అడుగును తీసుకుపోయి పొగాకుకు కట్టేశాడు. అది మా పిల్లలకు తెలియొద్దా?

మామయ్య: తెలియాలి. ఆ కథ ఎవరు చెప్పారో కూడా తెలియాలి. చెప్పింది బెర్నేసే. 103 ఏళ్ళు బతికాడు. తన ఘనకార్యాలను తనే చెప్పుకుంటూ బతికాడు. అమెరికాలో ఆడవాళ్ళు సిగరెట్ కాల్చడం ఆ ఊరేగింపుకు ముందే, 1920ల పొడుగునా పెరుగుతూ వచ్చింది. పెరుగుతున్న దాని ముందు నిలబడి ‘పెంచింది నేనే’ అన్నాడు. నా వృత్తిలో ఇది నాకు బాగా తెలిసిన పని. ఒక సరుకు అమ్మకం పెరగ్గానే, అది పంటలు బాగా పండటం వల్లనో, పక్క కంపెనీ గోడౌన్ మూతపడటం వల్లనో అయినా సరే, ‘మా కాంపెయిన్ వల్లే’ అని క్లయింటు ముందు స్లైడు వేస్తాం. మా మాట మంత్రం అని చెప్పుకుంటేనే మాకు డబ్బులు. కర్టిస్ గారు ఆ స్లైడును నమ్మి, వెనక సంగీతం పెట్టి, లోకానికి చూపించారు. ప్రకటనలంటే మంత్రమని క్లయింటుకు మేం చెప్పే అబద్ధాన్నే, మమ్మల్ని తిట్టే సినిమా నిజం చేసింది.

మేనకోడలు: మంత్రం కాకపోతే కంపెనీలు అన్ని కోట్లు ఎందుకు పోస్తాయి?

మామయ్య: భయంతో. పక్కవాడు పోస్తున్నాడు కాబట్టి. వీడు మానేస్తే కిరాణా కొట్లో కళ్ళ ముందుండే అర పక్కవాడికి పోతుంది కాబట్టి. సగం డబ్బు అలాగే పోతుంది. మా లోపలి గదుల్లో కూర్చుంటే తెలుస్తుంది, అక్కడ మాంత్రికులెవరూ లేరని. నెలాఖరుకు టార్గెట్ ఎలా తీరుతుందా అని వణికే మనుషులున్నారు.

మేనకోడలు: సరే, ఒక్కో ప్రకటన విడిగా మంత్రం కాదు. మీ మాట ఒప్పుకుంటాను. కానీ అదే మాట ఏళ్ళ తరబడి, రోజూ సాయంత్రం, ప్రతి ఇంట్లోనూ వినబడితే? ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ 1975లో వచ్చింది. 2020లో పేరులోంచి ‘ఫెయిర్’ తీసి ‘గ్లో’ పెట్టారు. మధ్యలో 45 ఏళ్ళు. నల్లగా ఉన్న అమ్మాయికి ఉద్యోగం రాదు, పెళ్ళి కుదరదు, ట్యూబు పూసుకుంటే రెండూ అవుతాయి అనే కథను రెండు తరాల ఆడపిల్లలు అన్నం తింటూ చూశారు. నేనూ చూశాను. అమ్మ చీటీ డబ్బులోంచి ఆ ట్యూబు కొనేది.

మామయ్య: ఆ రంగు పిచ్చి కంపెనీ పెట్టిందా? మీ నాయనమ్మ మీ అమ్మను చూడటానికి వచ్చినప్పుడు మొదట అడిగింది రంగు గురించే. అప్పటికి మా ఊళ్ళో టీవీ లేదు.

మేనకోడలు: పిచ్చి మనది. దాన్ని నెలనెలా కొనుక్కోవాల్సిన వస్తువు చేసింది కంపెనీ. మా నాయనమ్మ మాట ఒక ఇంటితో పోయేది. ఆ ప్రకటన మాట ఏ ఇంటినీ వదల్లేదు.

మామయ్య: ఒప్పుకుంటాను. కానీ 2020లో ఆ పేరు మార్పించింది ఏ డాక్యుమెంటరీ? అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసు చంపాక రంగు వివక్ష మీద లోకమంతా లేచింది. అప్పుడు మార్చారు. అంతకుముందు ఎన్ని సినిమాలు, ఎన్ని వ్యాసాలు వచ్చినా కదల్లేదు. నేనడిగేది అదే. సినిమా చూపిస్తావు, పిల్లలు ‘అమ్మో’ అంటారు, క్యాంటీన్‌కు పోయి అదే కూల్‌డ్రింక్ తాగుతారు. ఇంటికి పోయేటప్పుడు కొంచెం సిగ్గు పడతారు. ఆ సిగ్గుతో ఏం చేస్తావు?

ఈ ప్రశ్న దగ్గర ఆమె కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత ఆమె చెప్పినదాన్ని బట్టి నాకర్థమైంది, ఆమె కూడా చాలాకాలంగా ఇదే ప్రశ్నతో తిరుగుతోందని.

మేనకోడలు: సిగ్గుతో పనేం లేదు మామయ్యా. కొనేవాణ్ణి సిగ్గుపడేట్టు చేసే సినిమా కంపెనీకి నష్టం లేని సినిమా. ‘సూపర్ సైజ్ మీ’ తీసుకోండి. 2004లో వచ్చింది. మోర్గన్ స్పర్లాక్ 30 రోజులు మూడు పూటలా మెక్‌డొనాల్డ్స్ తిండే తిన్నాడు. దాదాపు 11 కిలోలు పెరిగాడు, కాలేయం చెడిపోతోందని డాక్టర్లు కంగారుపడ్డారు. ప్రపంచమంతా చూసింది.

మామయ్య: ఆ సినిమా గురించి నేను చెప్పాల్సింది నువ్వే తెచ్చావు. 2017లో ఆయనే రాశాడు, 30 ఏళ్ళుగా వారానికి మించి తాగకుండా ఉన్నది లేదని. సినిమాలో డాక్టరు మద్యం గురించి అడిగితే తాగనని చెప్పాడు. ఇక ఆ కాలేయం కథలో బర్గర్ వాటా ఎంత, సీసా వాటా ఎంత? ఏ సబ్బు యాడ్‌లోనో ఇంతమాత్రం దాచి ఉంటే మా మీద కేసు పడేది. నువ్వా సినిమాను పిల్లలకు చూపిస్తానంటావు.

మేనకోడలు: చూపిస్తాను. ఆయన దాచింది కూడా చెబుతాను, దాచిపెట్టినవాళ్ళు మన వైపున్నా సరే. కానీ నాకు ఆ సినిమాతో ఉన్న పేచీ అది కాదు. కెమెరా మొదటి నుంచి చివరి దాకా తినేవాడి పొట్ట మీదే ఉంది. చూసినవాడికి మిగిలేది ‘నేను తినకూడదు’ అన్న ఒక్క మాట. కంపెనీకి కావాల్సింది కూడా అదే: తప్పు తినేవాడిది, ఎంపిక వాడిది, ఆరోగ్యం వాడి పూచీ. సూపర్ సైజ్ గ్లాసు మెనూలోంచి తీసేశారు, సినిమాతో సంబంధం లేదన్నారు, సలాడ్ బొమ్మలు పెట్టారు. అదే కంపెనీ మీద తీసిన ఇంకొక సినిమా ఉంది, ‘మెక్‌లైబెల్’. అది చూశారా?

మామయ్య: లండన్ కరపత్రం కేసు కదా.

మేనకోడలు: అదే. హెలెన్ స్టీల్, డేవ్ మోరిస్. చేతిలో డబ్బు లేదు, లాయరు లేడు. వాళ్ళు పంచిన కరపత్రం మీద కంపెనీ 1990లో పరువునష్టం దావా వేసింది. విచారణ 1994లో మొదలై రెండున్నరేళ్ళు సాగింది. తోటమాలి, మాజీ పోస్ట్‌మాన్ కలిసి ఆ కంపెనీ పెద్దలను బోనులో నిలబెట్టి ప్రశ్నలడిగారు. 1997లో తీర్పు వచ్చింది. చాలా ఆరోపణలు రుజువు కాలేదన్నారు, వీళ్ళు నష్టపరిహారం కట్టాలన్నారు. కానీ అదే తీర్పులో జడ్జి రాశాడు: ఈ కంపెనీ తన ప్రకటనలతో పిల్లలను వాడుకుంటోంది, జీతాలు తక్కువ ఇస్తోంది, కొన్ని జంతువుల పట్ల క్రూరత్వానికి బాధ్యత వహించాలి అని. ఆ మాటల వెనక సంగీతం లేదు. ప్రమాణం చేయించి అడిగిన ప్రశ్నలకు వచ్చిన జవాబులవి. ఫ్రానీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ కథను సినిమా తీస్తే పరువునష్టం భయంతో టీవీ ఛానెళ్ళు వెనకాడాయి. 2005లో యూరప్ మానవ హక్కుల కోర్టు, వాళ్ళకు న్యాయసహాయం ఇవ్వకపోవడం బ్రిటన్ ప్రభుత్వం తప్పు అంది. కొనేవాడు ఇందులో ఎక్కడా ముద్దాయి కాదు.

మామయ్య: అది గొప్ప పోరాటం, కాదనను. కానీ చూడు, కోర్టు పని కోర్టు చేసింది. సినిమా తర్వాత వచ్చింది.

మేనకోడలు: సినిమా తర్వాతే రావాలా? ముందు వస్తే ఏమవుతుందో కూడా చెప్తాను. స్వీడన్ దర్శకుడు ఫ్రెడ్రిక్ గెర్టెన్ 2009లో ‘బనానాస్’ తీశాడు, నికరాగువా అరటి తోటల కూలీలు పురుగుమందు వల్ల దెబ్బతిన్నామని డోల్ కంపెనీ మీద వేసిన కేసు మీద. లాస్ ఏంజెలెస్ ఉత్సవంలో ప్రదర్శనకు ముందే కంపెనీ బెదిరించింది, పోటీలోంచి ఆ సినిమాను తప్పించారు. తర్వాత కంపెనీ దావా వేసింది. స్వీడన్ పార్లమెంటులో ఆ సినిమా చూపించారు, అక్కడి జనం కదిలారు, కంపెనీ దావా వెనక్కి తీసుకుంది. మీరన్నట్టు సినిమాకు బలం లేకపోతే అంత పెద్ద కంపెనీకి ఆ ఉలుకెందుకు?

మామయ్య: ఉలుకు పరువు గురించి. పరువు మా డిపార్ట్‌మెంట్, నాకు తెలుసు. పరువు కోసం కంపెనీలు చేసేది లెటర్‌హెడ్ మార్చడం. తోటలో మందు మార్చడం కాదు. సరే, లండన్, స్వీడన్ వదిలెయ్. నువ్వున్నది వరంగల్ గడ్డ మీద. మన దగ్గర చెప్పు.

మేనకోడలు: మన దగ్గరే చెప్తాను. ఈ వరసలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన సినిమా తీసింది లండన్ వాళ్ళు కాదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు. ఎక్కువమంది దళితులు, కూలి చేసుకునేవాళ్ళు, చదువు రానివాళ్ళు. 1990ల చివర్లో వీడియో కెమెరా పట్టుకోవడం నేర్చుకున్నారు. 2002 మార్చిలో కేంద్రం జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తికి అనుమతిచ్చింది, మహికో-మోన్‌శాంటో వాళ్ళ మూడు హైబ్రిడ్ రకాలకు. ఆ వానాకాలంలోనే వరంగల్ రైతులు వేశారు. మామూలు ప్యాకెట్ 450 దగ్గరుంటే ఇది 1,600 పైచిలుకు. ఈ ఆడవాళ్ళు కెమెరా తీసుకుని ఆ పత్తి చేలకు వచ్చారు. ఒకసారి వచ్చి పోలేదు. పంటకాలం పొడుగునా వచ్చారు. అవే చేలు, అవే రైతులు. మొదట రైతు ముఖంలో ఆశ. పురుగు పడదు, మందు కొట్టక్కర్లేదు, అప్పు తీరుతుంది. పోనుపోను ఆ ముఖాలు మారతాయి. కాయ చిన్నది, పింజ పొట్టిది, మార్కెట్లో ధర రాదు. 2003లో ఆ సినిమా పూర్తయింది. పేరు కూడా రైతు కోపం మీదే: వరంగల్ రైతులకు బీటీ పత్తి మీద ఎందుకు కోపమొచ్చింది అని.

మామయ్య: ఆ ఏడు కరువు. దేశమంతా కరువు.

మేనకోడలు: కరువు పక్క చేలోనూ ఉంది కదా. మామూలు హైబ్రిడ్ వేసిన పక్క రైతుతో పోల్చి చూశారు. అదే కాలంలో ఆ సంస్థ తరఫున చేసిన అధ్యయనం కూడా బీటీ వేసినవాడే ఎక్కువ నష్టపోయాడంది.

మామయ్య: ఆ సంస్థ మొదటి నుంచీ బీటీకి వ్యతిరేకం. ఏం వెతుకుతూ వెళ్ళారో అదే దొరికింది వాళ్ళకు. మా ఏజెన్సీలో సర్వే చేయించినా అంతే, ఎవడు డబ్బిస్తే వాడి సబ్బే తెల్లగా ఉతుకుతుంది.

మేనకోడలు: అందుకే నేను అక్కడ ఆగను. 2005లో కేంద్ర జెనెటిక్ ఇంజనీరింగ్ అప్రూవల్ కమిటీయే ఆ మూడు రకాలకూ అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించలేదు. ఆ కమిటీ బీటీకి వ్యతిరేకి కాదు, అనుమతిచ్చింది వాళ్ళే. 2006లో రాష్ట్ర ప్రభుత్వం, గుత్త వ్యాపారాల మీద విచారణ చేసే ఎంఆర్‌టీపీ కమిషన్‌కు పోయింది. ఒక్కో ప్యాకెట్ మీద 1,250 రూపాయలు టెక్నాలజీ రుసుం పేరిట కంపెనీ గుంజుతోందని. కమిషన్ తగ్గించమంది. ప్యాకెట్ ధర 750కి దిగింది. 2007లో పత్తి విత్తనాల ధర నిర్ణయించే అధికారం ప్రభుత్వానికిస్తూ చట్టం చేశారు. ఎనిమిది వందలకు పైగా తేడా మామయ్యా. రెండు ప్యాకెట్లు ఉద్దెర తెచ్చుకునే రైతుకు అది ఎంత డబ్బో మీకు చెప్పక్కర్లేదు.

మామయ్య: ఇదంతా ఆ ఆడవాళ్ళ సినిమా వల్ల జరిగిందంటావా?

మేనకోడలు: అనను. అంటే బెర్నేస్‌నవుతాను. రైతు సంఘాలు రోడ్డెక్కాయి, శాసనసభలో గొడవైంది, పత్రికలు రాశాయి, వ్యవసాయ శాఖ అధికారులు చేలు చూశారు. ఆ సినిమా ఆ గుంపులో ఒక సాక్షి. కానీ మంచి సాక్షి. రైతు తన నోటితో, తన చేలో నిలబడి, తన భాషలో చెప్పిన వాఙ్మూలం. ‘ఫలానా జిల్లాలో సగటు దిగుబడి’ అన్న కాగితం ముందు ఆ వాఙ్మూలం లేకపోతే రైతు చెప్పేది వదంతి అయ్యేది.

మామయ్య: ఇప్పుడు నేనడిగేది విను. నీ సినిమా అంత మంచి సాక్షి అయితే, పదేళ్ళు తిరిగేసరికి దేశంలో పత్తి వేసే నేలలో 90 శాతానికి పైగా బీటీ ఎందుకయింది? ఆ రైతులే కదా కొన్నది. దేశంలో పత్తి ఉత్పత్తి కూడా ఆ పదేళ్ళలో రెండింతలు దాటింది. కాయ తొలిచే పచ్చ పురుగుకు కొట్టే మందు తగ్గింది. నేను చూసిన రైతులు ‘ఆ పురుగు పీడ పోయింది’ అని సంతోషంగానే చెప్పారు. నీ సినిమాలో ఆ మొదటి ఏడాది కోపం ఉంది, తర్వాతి ఏళ్ళ సంతోషం లేదు. రైతును తెలివిలేనివాడిగా, కంపెనీ చెబితే కొనేసేవాడిగా చూడటం నాకు నచ్చదు. నేను వాళ్ళకు విత్తనాల యాడ్లు రాశాను. నా యాడ్ చూసి కొన్న రైతు ఒక్కడూ నాకు తగల్లేదు. పక్క రైతు చేను చూసి కొంటాడు, షాపువాడు ఉద్దెర ఏది ఇస్తే అది కొంటాడు.

మేనకోడలు: చూశారా, మీరే చెప్పారు. ‘షాపువాడు ఉద్దెర ఏది ఇస్తే అది.’ అక్కడ ఎంపిక ఏముంది? బీటీ కాని హైబ్రిడ్ విత్తనం అరల్లోంచే మాయమైంది. విత్తన కంపెనీలన్నీ ఆ టెక్నాలజీకే రుసుం కట్టి అదే అమ్మాయి. ఉత్పత్తి పెరిగిన మాట నిజం, నేను కాదనను. నీళ్ళు, ఎరువులు, కొత్త నేలలు, బీటీ అన్నీ ఉన్నాయి అందులో. మరి 2006లో బీటీ రెండో రకం, బోల్‌గార్డ్-2 వచ్చాక గులాబీ రంగు పురుగు దానికీ అలవాటు పడింది. 2017లో మన పత్తి చేలల్లో కాయ పగలగొట్టి చూస్తే లోపల అదే. అప్పుడు మళ్ళీ మందు డబ్బా. ఆ డబ్బా కూడా అదే షాపులో, అదే ఉద్దెర ఖాతాలో. నేను రైతుకు తెలివిలేదనడం లేదు. అతని తెలివి పనిచేసే చోటును ఎవరు ఇరుకు చేశారో అడుగుతున్నాను. నేను కెమెరా తిప్పమనేది అటు.

ఇక్కడ నా మాట చెప్పాలి. ఈ వాదనలో నేను ఆమె పక్షం. కానీ ఆయన ప్రశ్న లేకపోతే ఆమె పక్షం ఇంత స్పష్టంగా నాకు కనబడేది కాదు. మనం పొగిడే డాక్యుమెంటరీల్లో చాలావాటికి ఆఖరి పది నిమిషాలు ఒకేలా ఉంటాయి. తక్కువ కొనండి, చదివి కొనండి, మీరే మార్పు. గంటన్నర సేపు కంపెనీ చేసిన పని చూపించి, చివరికి బిల్లు చూసేవాడి చేతిలో పెడతారు. వరంగల్ సినిమా ఆ పని చేయలేదు. ‘రైతులారా, కొనకండి’ అని పాఠం చెప్పలేదు. అమ్మినవాణ్ణి అడిగింది: నువ్వు చెప్పింది ఒకటి, ఇచ్చింది ఒకటి, జవాబెవరిది? జవాబు చెప్పాల్సిన మనిషి పేరు, ఆఫీసు, సంతకం ఉన్న చోటుకు ప్రశ్నను తీసుకుపోయే సినిమాకే విలువ అని నాకనిపిస్తుంది. ఇదే మాట ఆమెతో అంటే ఆమె ప్లాచిమడ సంగతి ఎత్తింది.

మేనకోడలు: కేరళలో పాలక్కాడ్ జిల్లా, పెరుమట్టి పంచాయతీ. కోకా-కోలా ప్లాంటు 2000లో మొదలైంది. 2002 ఏప్రిల్‌లో గేటు ముందు పందిరి వేసి కూర్చున్నారు, బావుల నీళ్ళు అడుగంటాయని, మిగిలినవి నోట పెట్టుకునేట్టు లేవని. మైలమ్మ అనే ఆదివాసీ ఆమె ముందు నడిచింది. 2003లో పంచాయతీ లైసెన్సు పొడిగించనంది. 2004 మార్చిలో ప్లాంటు మూతపడింది. ఆ పోరాటం కథను పి. బాబూరాజ్, సి. శరత్‌చంద్రన్ సినిమా తీశారు. పంచాయతీ కాగితం మామయ్యా. ఒక చిన్న లైసెన్సు కాగితం. కూల్‌డ్రింక్ తాగేవాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు.

మామయ్య: 2005లో కేరళ హైకోర్టు పెద్ద బెంచి కంపెనీకి రోజుకు ఐదు లక్షల లీటర్ల దాకా తోడుకోవచ్చంది. అదీ చెప్పు పిల్లలకు.

మేనకోడలు: చెప్తాను. అయినా ప్లాంటు మళ్ళీ నిలకడగా నడవలేదని చెప్తాను. 2010లో ప్రభుత్వ కమిటీ నష్టం 216 కోట్ల రూపాయలని లెక్కగట్టిందని, కంపెనీ ఒప్పుకోలేదని, 2011లో అసెంబ్లీ ట్రిబ్యునల్ బిల్లు చేస్తే దానికి రాష్ట్రపతి ఆమోదం దొరకలేదని కూడా చెప్తాను. గెలుపు సగమే. ప్లాంటు ఆపగలిగారు, పరిహారం రాబట్టలేకపోయారు.

మామయ్య: ఇంకొకటి. నీ పిల్లలు ఇవన్నీ ఎక్కడ చూస్తారు? ఫోన్లో. 2024లో ‘బై నౌ’ అని ఒక సినిమా వచ్చింది, అవసరం లేనివి మన చేత ఎలా కొనిపిస్తున్నారో చూపిస్తుంది. వేసింది నెట్‌ఫ్లిక్స్. నెలనెలా చందా కట్టి కొనడం గురించి తిట్టించుకోవాలి. అది అయిపోగానే ఐదు క్షణాల్లో ఇంకొకటి దానంతటదే మొదలవుతుంది. ఈ విమర్శ కూడా ఒక సరుకైపోయింది తల్లీ. దానికీ ఒక మార్కెట్ సెగ్మెంట్ ఉంది. నాకు ఆ క్లయింటు దొరికితే కాపీ రాసేవాణ్ణి.

మేనకోడలు: నిజమే. నాకు దానికి జవాబు లేదు. కానీ ఫోన్ ఒకటే దారి కాదనడానికి మన హైదరాబాద్‌లోనే ఒకామె ఉంది. పిల్లల డాక్టరు శివరంజని సంతోష్. విరేచనాలు పట్టిన పిల్లలకు తల్లులు మందుల షాపులో ‘ఓఆర్‌ఎస్’ అని అడిగితే, ఆ పేరు అట్ట మీద అచ్చేసిన తియ్యటి డ్రింకు చేతికొచ్చేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్‌లో లీటరు నీటికి గ్లూకోజ్ 13.5 గ్రాములే. దాన్ని బాగా మించిన చక్కెర విరేచనాలను ఇంకా పెంచవచ్చు. ఆమె ఏళ్ళ తరబడి ఫోన్ ముందు కూర్చుని వీడియోలు చేసింది, అధికారులకు రాసింది, కోర్టుకు పోయింది. 2022లో ఒకసారి ఆపారు, అదే ఏడు మళ్ళీ వదిలారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ఆ సూత్రం పాటించని ఏ డ్రింకు పేరులోనూ ఆ మూడక్షరాలు ఉండకూడదంది. అదే ఫోన్, అవే వీడియోలు. ఆమె తల్లులను తిట్టలేదు. అట్ట మీది పేరును పట్టుకుంది.

మామయ్య: పేరును పట్టుకుంది. అవును, అది మా పనికి సరిగ్గా గుండెకాయ. పేరు ఊడితే యాడ్ నిలబడదు.

ఆయన ఆ మాట చాలా నెమ్మదిగా, మనస్ఫూర్తిగా అన్నాడు. వృత్తిలో నిజంగా మునిగినవాడే దాని గుండె ఎక్కడుందో అంత సూటిగా చూపించగలడు. ఆమె అదే అదనుగా అడిగింది.

మేనకోడలు: మీరు వచ్చి మా పిల్లలకు ఒక పూట చెప్పండి. ఒక యాడ్ ఎట్లా తయారవుతుందో, క్లయింటు ఏమడుగుతాడో, ఏ మాట ఎందుకు రాస్తారో, ఏ మాట లాయరు కొట్టేస్తాడో. ఎదుటివాడి పని తెలియకుండా ప్రశ్న అడగడం వాళ్ళకు నేర్పలేను.

మామయ్య: వస్తాను. కానీ కర్టిస్ సినిమా మొదటి నెల వెయ్యొద్దు. దాంతో మొదలుపెడితే పిల్లలు లోకంలో ఎక్కడో దాక్కున్న నలుగురు మాయావులు మనల్ని ఆడిస్తున్నారనుకుంటారు. ఇక చేసేదేం లేదనుకుంటారు. వరంగల్ సినిమా ముందు వెయ్యి. నీ క్లాసులో సగంమంది తండ్రులు పత్తి రైతులే కదా. లైట్లు వేయగానే ఎవడో ఒకడు లేచి అడుగుతాడు: ‘మేడం, అయితే మా నాయన ఈసారి ఏ విత్తనం కొనాలె?’ దానికి ఏం చెబుతావు?

మేనకోడలు: నాకు తెలియదని చెబుతాను. ఆ ప్రశ్న అడగాల్సిన మనుషులు ఇద్దరున్నారు, మండల వ్యవసాయాధికారి ఒకరు, షాపాయన ఒకరు. ఇద్దరినీ ఆ రోజు కాలేజీకి పిలుస్తాను.

మామయ్య: అధికారి వస్తాడేమో గానీ షాపతను రాడు. సీజన్లో అసలు రాడు.

మేనకోడలు: రాకపోతే మేమే పోతాం. కెమెరాలున్నాయి పిల్లల దగ్గర.

మామయ్య: పోండి. అతణ్ణి దొంగను చేసి తీయొద్దు. అతనూ అప్పు మీద సరుకు తెచ్చుకునేవాడే. కూర్చోబెట్టి లెక్క అడగండి. ప్యాకెట్ మీద అతనికి మిగిలేదెంత, పైకి కంపెనీకి పోయేదెంత, టార్గెట్ ఎంత పెట్టారు, టార్గెట్ దాటితే ఏ ఊరు టూర్ పంపిస్తామన్నారు, అమ్ముడుపోని సరుకు వెనక్కి తీసుకుంటారా లేదా. ఆ టూర్ల కాగితాలు కొన్ని నేనే రాశాను. నా దగ్గర ఇంకా ఉండాలి. వెతికి తెస్తాను.